సభకు వదిలిన ముక్క

ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసం మొదలైందంటే పామ్‌ఫిల్ గ్రోసు వంటింట్లో బల్ల ఖాళీ ఉండదు. పిల్లల పాత నోటుపుస్తకాల్లోంచి చింపిన కాగితాలు మడిచి కొంగుచాటున పెట్టుకున్నట్టు కోటు జేబుల్లో పెట్టుకుని ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లేముందు పాపాలన్నీ కాగితం మీద రాసుకోవడం సలచెని ఊళ్లో అలవాటు. లేకపోతే మోకాళ్ల మీద కూర్చోగానే బుర్ర ఖాళీ అవుతుంది. రాయడం అందరికీ రాదు. వచ్చినవాళ్లకు కూడా తమ గురించి తాము రాసుకోవడం రాదు. డెబ్బై నాలుగేళ్ల పామ్‌ఫిల్‌కు అది వచ్చు.

"కోడల్ని శపించాను మాస్టారూ, అది ఎట్లా రాయాలి?" అంది పక్కింటి లీనా.

"ఏమని?"

"కాళ్లు విరగాలని. అదీ మెట్లు దిగేటప్పుడు."

"విరిగాయా?"

"ఎక్కడ! దుక్కలా తిరుగుతోంది."

"'కోపంలో మాట తూలాను, అవతలి మనిషికి కీడు కోరాను' అని రాస్తా."

"మెట్ల సంగతి వద్దా?"

"వద్దు. ఫాదర్ అడిగితే చెప్పు. ఆయనకూ ఏదో ఒకటి అడగడానికి ఉండాలిగా."

లీనా కాగితాన్ని దూరంగా పెట్టుకుని చదువుకుంది. "భలే రాస్తారు. ఇది చదువుతుంటే నేనంత చెడ్డదాన్ని కాదేమో అనిపిస్తోంది."

ఈ విద్య అతనికి చర్చిలో అబ్బింది కాదు.

పామ్‌ఫిల్ తండ్రి సిరెత్ నది మీద పడవ దాటించేవాడు. ఊరికి వంతెన వచ్చాక కలప కోతమిల్లులో కూలికి చేరాడు. కొడుకు చురుకైనవాడని కమ్యూనిస్టు పార్టీ వాళ్లే చదివించారు. ఇరవై ఆరేళ్లకు పామ్‌ఫిల్ కోతమిల్లు క్యాంటీన్ మేడమీద కార్మికులకు సాయంత్రం తరగతుల్లో రాజకీయ సిద్ధాంతం చెప్పడం మొదలుపెట్టాడు. మంచి గొంతు. కాగితం చూడకుండా చెప్పేవాడు. ప్రతి ఏడూ మొదటి తరగతిలో నల్లబల్ల మీద మూడు మెట్లు గీసేవాడు. మొదటి మెట్టు మీద మనిషిని బయటి చట్టం నడుపుతుంది, భయంతో నడుస్తాడు. రెండో మెట్టు మీద ఆ చట్టం ఎందుకో అర్థమవుతుంది, ఒప్పుకుని నడుస్తాడు. మూడో మెట్టు మీద చట్టంతోనే పని ఉండదు. రాజ్యం ఎండుటాకులా తనంతట తనే రాలిపోతుంది, ఎందుకంటే ఈలోగా మనిషే మారిపోయి ఉంటాడు.

"ఇప్పుడు మనం ఏ మెట్టు మీదున్నాం మాస్టారూ?" అని వెనక బెంచీలోంచి అడిగేవాడు తొవాదెర్, రంపం దగ్గర పనివాడు.

"రెండోది దాటుతున్నాం."

"పోయినేడూ అదే చెప్పారు."

"పోయినేడు దాటబోతున్నామన్నాను. వినవుగా నువ్వు."

అందరూ నవ్వేవారు, పామ్‌ఫిల్ కూడా నవ్వేవాడు. కానీ అతను ఆ మూడో మెట్టును నమ్మాడు. చెప్పే వాళ్లలో చాలామంది నమ్మకుండానే చెప్పేవారు. అతను నమ్మి చెప్పేవాడు.

ఆ రోజుల్లో తప్పు చేసిన వాడు సభలో నిలబడి ఆత్మవిమర్శ చదవాలి. కార్మికులకు అది మింగుడుపడని పని. ఎక్కువ ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది, తక్కువ ఒప్పుకుంటే నిజాయితీ లేదంటారు. అందుకని పామ్‌ఫిల్ దగ్గరికి వచ్చేవారు. అతను రాసిచ్చేవాడు. రాసిరాసి ఒక కొలత పట్టుకున్నాడు. ఒక తప్పు పూర్తిగా ఒప్పుకోవాలి. రెండోది సగం ఒప్పుకోవాలి. మూడోది రాయనే కూడదు, సభకు వదిలేయాలి. సభ దాన్ని తవ్వి తీస్తుంది, తీశామన్న తృప్తి వాళ్లకు మిగులుతుంది, ఆ తృప్తితో మనిషిని వదిలేస్తారు. ఆ మూడోది ఏదో చిన్నదై ఉండాలి: ఆదివారం శ్రమదానానికి ఆలస్యంగా రావడంలాంటిది. సభాధ్యక్షుడు బుర్లాకు అనే ఆయన చెవిలో దాన్ని ముందే వేసేవాడు. మనిషికీ చెప్పేవాడు: "ఇది అడుగుతారు. కాసేపు తల దించుకో, తర్వాత ఇట్లా చెప్పు."

పదమూడేళ్లలో నలభై మందికి పైగా రాశాడు. ఒక్కడి ఉద్యోగమూ పోలేదు. ఆ సంగతి తలుచుకుని గర్వపడేవాడు.

అగ్లాయ రుసు ప్రాథమిక పాఠశాలలో టీచరు, పార్టీ సభ్యురాలు కూడా. భర్త వదిలిపోయాడు. ఏడాది నిండని కూతురికి జబ్బు చేసి ఆసుపత్రి వాళ్లు చేతులెత్తేస్తే, తన తల్లి పోరు పడలేక బిడ్డను పొరుగూరికి ఎత్తుకెళ్లింది. ఫాదర్ గవ్రిల్ తన వంటింట్లో, బట్టలుతికే తొట్టిలో నీళ్లు కాచిపోసి బిడ్డకు బాప్తిస్మమిచ్చాడు. బిడ్డ బతికింది. మెడలో సిలువ ఎవరి కంటో పడింది. పార్టీ మనిషికి అది తప్పు కాబట్టి సభ పెట్టారు.

పామ్‌ఫిల్ ఆమెకు రాసిన కాగితమంత బాగా ఇంకెవరికీ రాయలేదు. బాప్తిస్మం పూర్తిగా ఒప్పుకుంది. తల్లి మీది మమకారంతో అన్నది సగం ఒప్పుకోలు. బుర్లాకు చదివి పెదవి విరిచాడు. "మరీ నున్నగా ఉంది కామ్రేడ్ గ్రోసు. జిల్లా నుంచి మనిషి వస్తున్నాడు. సభకు ఏం వదిలావు?"

"ఏ ఫాదర్ ఇచ్చాడో అడగండి" అన్నాడు పామ్‌ఫిల్.

అందరికీ చెప్పినట్టు ఆమెకు ముందుగా చెప్పలేదు. చెబితే జవాబు తయారుగా పెట్టుకుంటుంది, ముఖం కూడా తయారైపోతుంది. జిల్లా మనిషి ముందు తడబాటు నిజంగా ఉండాలి, అప్పుడే ఉద్యోగం నిలుస్తుంది. అలా అనుకున్నాడు. అప్పుడే అలా అనుకున్నాడో, తర్వాత ఎప్పుడో అలా అనుకున్నానని సర్దుకున్నాడో ఇప్పుడు తేల్చుకోలేడు.

బుర్లాకు కాగితం మీంచి తలెత్తి అడిగాడు. అగ్లాయ ముఖం పాలిపోయింది. పేరు చెప్పేసింది.

ఆమె ఉద్యోగం నిలిచింది. ఫాదర్ గవ్రిల్‌ను నెల తిరక్కుండా కొండల్లో పొయ్యి కూడా సరిగా లేని ఇంటికి మార్చారు. ఆ చలికాలంలోనే ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. పామ్‌ఫిల్‌ను ఆ ఏడే ఉద్యోగంలో ఖాయం చేశారు. రెంటికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు.

పార్టీ పోయింది. క్యాంటీన్ మేడమీద ఇప్పుడు పాత బట్టలమ్మే కొట్టుంది. రెండేళ్లు పామ్‌ఫిల్ ఇంట్లోంచి కదల్లేదు. భార్య బలవంతం మీద చర్చికి వెళ్లాడు. ఆమె పోయాక తనంతట తనే వెళ్లాడు. నిలబడి వింటూ ఉంటే ఒకరోజు ఒళ్లు జలదరించింది: ఫాదర్ అవే మెట్లు చెబుతున్నాడు. మొదట శుద్ధి, భయంతో. తర్వాత వెలుగు. చివర దేవునితో ఐక్యం. అక్కడ ఆజ్ఞలతో పని లేదు, ప్రేమే నడుపుతుంది, పాత మనిషి పోయి కొత్త మనిషి ఉంటాడు. పామ్‌ఫిల్ ఇంటికి వచ్చి ఏడ్చాడు. తను మోసపోలేదనీ, మెట్లు నిజమే కానీ వాటిని ఆనించాల్సిన గోడ వేరనీ అనిపించింది. తర్వాతి సంవత్సరాల్లో చర్చి బీరువాలోని పుస్తకాలన్నీ చదివేశాడు. కొత్తగా వచ్చిన ఫాదర్ చిప్రియన్, ముప్ఫై దాటని మనిషి, ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దవాళ్లకు తరగతి చెప్పమన్నాడు. పామ్‌ఫిల్ నల్లబల్ల మీద మూడు మెట్లు గీశాడు. చెయ్యి దానంతట అదే గీసింది.

"ఇప్పుడు మనం ఏ మెట్టు మీదున్నాం మాస్టారూ?" అన్నాడు తొవాదెర్ వెనక నుంచి. పళ్లు లేవు, చెవులు సరిగా వినపడవు, ఆ ప్రశ్న మాత్రం మరిచిపోలేదు.

"మొదటి దాని మీదే" అన్నాడు పామ్‌ఫిల్.

"అదేంటి, వెనక్కొచ్చామా!"

ఉపవాసానికి ముందు క్షమాపణల ఆదివారం నాడు చర్చిలో ఒకరి ముందు ఒకరు తల వంచి క్షమించమని అడుగుతారు. మామూలుగా ఎవరూ దేన్నీ తలుచుకుని అడగరు. అగ్లాయ మాత్రం తలుచుకునే అడిగేది. ఆడవాళ్ల వైపు మూడో స్తంభం దగ్గర ఆమె చోటు. అక్కడి నుంచి నేరుగా వచ్చి అతని ముందు నిలబడేది.

"నన్ను క్షమించండి మాస్టారూ. మీరంత కష్టపడి రాసిచ్చారు. నేనే నోరు జారాను."

"దేవుడు క్షమించుగాక" అనాలి. అదే ఆనవాయితీ. ఇరవై ఏళ్లకు పైగా అతను అదే అన్నాడు. ప్రతి ఏడూ, వచ్చే ఏడు చెబుదామనుకునేవాడు.

ఈ ఏడు ఆమె రాలేదు. గుండె బాగా దెబ్బతింది, కాళ్లు వాచాయి. ఈస్టర్ దాకా ఉంటుందో లేదో అన్నాడట డాక్టరు. ఉపవాసం రెండో వారంలో లీనా కబురు తెచ్చింది: "టీచరమ్మ మిమ్మల్ని రమ్మంటోంది మాస్టారూ. చెయ్యి వణుకుతోందట, కాగితం మీరే రాయాలట. అవునూ, ఆవిడకు పాపాలేముంటాయి? నావి కొన్ని అప్పివ్వమంటే ఇస్తా."

పామ్‌ఫిల్ ముందు ఫాదర్ చిప్రియన్ దగ్గరికి వెళ్లాడు. ఫాదర్ చర్చి వెనక నిచ్చెన పట్టుకుని చూరు కింది వాననీటి గొట్టంలోంచి ఎండాకులు తీయిస్తున్నాడు.

"ఒక ప్రశ్న ఫాదర్. ఒకడు ఒక తప్పు చేశాడు. ఇంకో మనిషి అది తన తప్పే అనుకుంది. దేవుడి ముందు ఒప్పుకుంది, క్షమాపణ పొందింది. ఆమె లెక్క తేలిపోయినట్టే కదా. ఇప్పుడు ఆ మొదటివాడు పోయి చెప్పి ఆమె మనసు కలచడం అవసరమా? ఆ బాధ వల్లనే ఆమె పై మెట్టు ఎక్కి ఉండొచ్చు కూడా."

ఫాదర్ నిచ్చెన వదల్లేదు. "ఆమె మోసేది ఆమెది కాదని తెలిసినవాడు వాడొక్కడే అయితే వాడు నోరు తెరవాలి. ఇందులో మెట్లెందుకు మాస్టారూ?" అని, అప్పుడు తిరిగి చూశాడు. "ఇంతకీ ఇది ఆదివారం తరగతి ప్రశ్నా, మీ ప్రశ్నా?"

"తరగతిదే" అన్నాడు పామ్‌ఫిల్.

"మంచి ప్రశ్న. అడగండి వాళ్లను."

అగ్లాయ ఉండేది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. పామ్‌ఫిల్ అంతస్తుకొకసారి ఆగి, చెప్పాల్సిన వాక్యాన్ని లోపల అనుకుంటూ ఎక్కాడు. *ఆ పేరు అడగమని బుర్లాకుకు చెప్పింది నేనే.* అంతే. ముందు ఏమీ వద్దు, వెనక ఏమీ వద్దు. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం సిద్ధంగా ఉంది.

అగ్లాయ దిండ్లకు చేరగిలబడి కూర్చుని ఉంది. బల్ల మీద చిన్న పళ్లెంలో రేగు పండ్ల మిఠాయి, గ్లాసుతో నీళ్లు ముందే పెట్టించింది.

"తినండి మాస్టారూ. ఉపవాసానికి పనికొచ్చేదే. ఇందులో ఏ పాపమూ లేదు."

"అగ్లాయా, నేనొకటి..."

"ముందు రాయండి. మళ్లీ ఆయాసం వస్తే చెప్పలేను. చిన్నవి మొదలెడదామా? కింది వాళ్ల టీవీ చప్పుడుకు రోజూ తిట్టుకుంటున్నాను. నర్సు సూది గట్టిగా గుచ్చిందని మూడు రోజులు మాట్లాడలేదు. కూతురు ఫోన్ చేయలేదని చేసినప్పుడు ఎత్తలేదు."

అతను రాశాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"పెద్దది మీకు తెలుసు. ఆరోజు మీరక్కడే ఉన్నారు."

"అది ఎప్పుడో క్షమించేశారు కదా."

"ముగ్గురు ఫాదర్లు క్షమించారు. నాకే తగ్గలేదు. నేను సరిగ్గా చెప్పలేదేమోనని. మీరు రాస్తే మాటలు సరిగ్గా పడతాయి."

అతను రాసి చదివి వినిపించాడు: "భయపడి, నన్ను నేను కాపాడుకోవడానికి, నా బిడ్డను కాపాడిన మనిషి పేరు చెప్పాను."

"భయపడి అని రాయకండి. అబద్ధమవుతుంది." ఆమె కళ్లు తెరిచింది. "భయం కాదు మాస్టారూ. అడుగుతారని అనుకోలేదు. అడుగుతారని ముందే తెలిసుంటే ఏ చచ్చిపోయిన ఫాదర్ పేరో వెతికి పెట్టుకునేదాన్ని. మా అమ్మ వైపు ఊళ్లో ఒకాయన ఉండేవాడు, అంతకు ముందు శీతాకాలంలోనే పోయాడు. ఆయన పేరు చెబితే ఆయన్నేం చేస్తారు? అది ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే తట్టింది. బూట్లు విప్పుతుంటే!" నవ్వబోయి దగ్గింది. "మీరు అన్నీ నేర్పారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తల దించాలో. అదొక్కటి మీకు కూడా తట్టలేదు."

పామ్‌ఫిల్ చేతిలో కలం ఉంది. వాక్యం ఇంకా గొంతులోనే ఉంది. మెట్ల మీద ఎలా కూర్చుకున్నాడో అలాగే, ఒక్క మాట కూడా చెదరకుండా.

"తట్టలేదు" అన్నాడు.

"మీ తప్పేముంది? పాపం, మీరు మాత్రం ఎన్నని చూసుకుంటారు" అంది అగ్లాయ.

అతను 'భయపడి' కొట్టేశాడు. 'అజాగ్రత్తగా' అని రాశాడు. ఆమె విని, ఆ మాట సరిగ్గా ఉందంది. "చూశారా, ఇన్నేళ్లూ నాకు దొరకని మాట ఇదే."

మర్నాడు ఫాదర్ చిప్రియన్ వచ్చి ఆ కాగితం చూస్తూ ఆమె చెప్పిన పాపసంకీర్తనం విన్నాడు, దివ్యసత్ప్రసాదం ఇచ్చాడు. ఆమె ఇంకా పదహారు రోజులు బతికింది. ఆ పదహారు రోజుల్లో పామ్‌ఫిల్ నాలుగుసార్లు ఆ భవనం దాకా వెళ్లాడు. రెండుసార్లు మొదటి అంతస్తు ఎక్కాడు. ఒకసారి తలుపు దాకా వెళ్లి, లోపల లీనా గొంతు వినపడితే, తర్వాత వద్దామని దిగిపోయాడు. లీనా వెళ్లిపోయే దాకా కింద ఆగొచ్చు. ఆగలేదు.

సమాధి దగ్గర కూతురు రొదీకా అతని చెయ్యి పట్టుకుంది. నలభై అయిదేళ్ల మనిషి, మెడలో ఇంకా ఆ సిలువే.

"అమ్మ ఎప్పుడూ చెబుతుండేది సార్. ఆ రోజుల్లో తన పక్కన నిలబడింది మీరొక్కరేనని."

"మీ అమ్మ మంచి మనిషి" అన్నాడు పామ్‌ఫిల్. తను అన్న మాట సంతాప సభలో అన్నట్టుందని అతనికే తెలిసింది.

ఇక చెప్పడానికి ఆమె లేదు. చెప్పినా ఆమె మీంచి దించగలిగేది ఏమీ లేదు. అయినా ఈస్టర్ ముందు పవిత్ర బుధవారం నాడు అతను చర్చికి వెళ్లాడు. ఈసారి కాగితం తీసుకెళ్లలేదు. ఊరందరికీ రాసినవాడు తన కోసం మాత్రం కాగితం లేకుండా వెళితే, కనీసం నిజమే బయటికి వస్తుందని అనుకున్నాడు. వరుసలో వెనక పది మంది ఉన్నారు. అతని వెంటనే వెనక తొవాదెర్.

క్రీస్తు పటం ముందు మోకరిల్లాడు. ఫాదర్ తన మెడలోని పొడవాటి పట్టు వస్త్రాన్ని అతని తల మీద కప్పాడు. ఆ గుడ్డ కింద చీకటిగా, వెచ్చగా ఉంది, మైనం వాసన.

పామ్‌ఫిల్ నోరు తెరిచాడు. గొంతు బాగానే వచ్చింది. గర్వం, అన్నాడు. ఏళ్ల తరబడి ఇతరులకు మెట్లు చూపిస్తూ తాను ఏ మెట్టూ ఎక్కలేదు, చూపించడమే ఎక్కడం అనుకున్నాడు. అది పూర్తిగా చెప్పాడు, ఏమీ దాచకుండా. తర్వాత, జబ్బు మనిషి ఒకరి దగ్గర అబద్ధం ఆడాను, ఆ స్థితిలో బాధపెట్టడం ఇష్టం లేక, అన్నాడు. అది సగం. అక్కడ ఆగాడు. ఆగిన తర్వాత గాని, తను ఎక్కడ ఆగాడో అతనికి అర్థం కాలేదు. కాగితం లేదు, కలం లేదు. అయినా కొలత తప్పలేదు. ఒకటి పూర్తిగా, రెండోది సగం, మూడోది రాయకుండా.

ఏ జబ్బు మనిషి? ఏమని అబద్ధం? ఆ రెండింటిలో ఏ ఒక్కటి అడిగినా చాలు. మిగతాది దానంతట అదే వస్తుంది. ఎదురుచూశాడు, ఒకప్పుడు రెండో వరుసలో కూర్చుని, బుర్లాకు కాగితం మీంచి తలెత్తే క్షణం కోసం చూసినట్టు.

"జబ్బు మనుషుల దగ్గర అలాంటివి తప్పవు మాస్టారూ" అన్నాడు ఫాదర్ మెల్లగా. గొంతులో నిజమైన దయ ఉంది. "ఇంకేమైనా ఉందా?"

బుర్లాకుకు ముందే చెప్పేవాడు. ఈ మనిషికి ఎవరూ చెప్పలేదు.

"అంతే ఫాదర్."

గుడ్డ మీంచి తల మీద చెయ్యి బరువుగా ఆనింది. ఫాదర్ పాపవిమోచన మాటలు చదివాడు. పామ్‌ఫిల్ అన్నీ విన్నాడు. ఒక్కో మాటా సరిగ్గా పడింది. అతను లేవలేకపోతే ఫాదర్ మోచెయ్యి పట్టుకుని లేపాడు.

"ఇంతసేపా?" అన్నాడు తొవాదెర్. చెవిటితనం వల్ల చర్చి అంతా వినపడింది. "మాక్కూడా కొన్ని పాపాలు మిగల్చండి మాస్టారూ!"

వరుసలో నవ్వులు. పామ్‌ఫిల్ కూడా నవ్వాడు. మగవాళ్ల వైపు తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. ఎదురుగా మూడో స్తంభం దగ్గర లీనా తన సంచి పెట్టుకుంది. ఈస్టర్ రొట్టెలకు కొన్న పిండి తెరిచిన మూతిలోంచి కనబడుతోంది. ఆమె అతన్ని చూసి, మడిచిన కాగితం గాల్లో ఊపి, ఒక పాపం రాయడం మరిచిపోయానని సైగ చేసింది.

అతను జేబులో కలం కోసం చెయ్యి పెట్టాడు.